బంకు లైనూ, టైల్సు బట్టీ, కంప్యూటరు లెక్కా



యానాం అనగానే బయటి ఊళ్లవాళ్లు మూడు మాటలు చెబుతారు. ఫ్రెంచివాళ్ల పాలన, పులస చేప, చవక పెట్రోలు. మొదటి రెండింటి గురించి చెప్పేవాళ్లు బోలెడుమంది ఉన్నారు. నేను మాత్రం పెట్రోలు బంకు దగ్గర ఆగుతాను, అక్కడి లైనుతో ఒక సంగతి చెప్పాలి. ఒక వ్యాపారం గానీ, ఒక ఫ్యాక్టరీ గానీ ఎలా నడుస్తుందో ముందే కంప్యూటరులో నడిపించి చూసుకునే పద్ధతులు కొన్ని ఉన్నాయి. వాటినే సిమ్యులేషన్ అంటున్నాం. ఏ పద్ధతి ఏ పనికి నప్పుతుంది, ఎక్కడ బోల్తా కొడుతుంది అన్నదే ఈనాటి ప్రసంగం. ఇక్కడ ఇంజనీరింగ్ చదివినవాళ్లు కొందరు ఈ ప్రసంగం వింటూ ఉండవచ్చు. వాళ్లకి ఇందులో కొంత పాత పాఠమే. అయినా పాఠంలో ఉన్న ఉదాహరణలు ఏ అమెరికా బ్యాంకువో అయి ఉంటాయి. మనం మన ఊళ్లోవి తీసుకుందాం.

యానాం చుట్టూ ఆంధ్రప్రదేశ్. పన్నులు మాత్రం పుదుచ్చేరివి. ఆ తేడా వల్ల ఇక్కడ పెట్రోలు పక్క ఊళ్లకంటే తక్కువకు దొరుకుతుంది. అందుకే కాకినాడ వైపు నుంచీ, ద్రాక్షారామం వైపు నుంచీ, బాలయోగి వారధి దాటి కోనసీమ నుంచీ బండ్లు వచ్చి ట్యాంకు నింపించుకుని పోతుంటాయి. ఇప్పుడు ఒక బంకు యజమానికి సందేహం వచ్చిందనుకోండి. ఇంకో పంపు పెట్టించాలా, అక్కర్లేదా?

లెక్క తేలికేననిపిస్తుంది. గంటకు 30 బండ్లు వస్తున్నాయనుకుందాం, అంటే సగటున 2 నిమిషాలకొకటి. ఒక్కో బండికి పెట్రోలు పోసి, డబ్బు తీసుకుని పంపడానికి సగటున 1 నిమిషం 48 సెకన్లు పడుతోందనుకుందాం. వచ్చేది 2 నిమిషాలకొకటి, పంపేది అంతకంటే ముందే. ఇక లైను ఎక్కడిది?

ఉంటుందండీ. బండ్లు గడియారం చూసుకుని రావు. ఒకసారి నాలుగు కలిసి వస్తాయి, ఆ తర్వాత పది నిమిషాలు ఒక్కటీ రాదు. ఆ ఖాళీ పది నిమిషాలను దాచిపెట్టి సాయంత్రం రద్దీలో వాడుకోవడం కుదరదు. ఒకాయన వంద రూపాయలకు పోయించుకుని చక్కాపోతాడు. వెనకాయన కారు ట్యాంకు ఫుల్ చేయమంటాడు. ఇంకొకాయన ఫోన్లో డబ్బు పోయినట్టు చూపిస్తుంది, బంకు స్పీకరు మాత్రం పలకదు. ఇద్దరూ ఆకాశం వైపు సిగ్నలు కోసం చూస్తారు. రాకపోకలు ఇలా ఏ క్రమమూ లేకుండా ఉన్నప్పుడు క్యూల గణితం ఏం చెబుతుందంటే, సగటు బండి పంపు దగ్గరకు చేరడానికే 16 నిమిషాలు నిలబడాలి. లైనులో సగటున 8 బండ్లుంటాయి. అదే ఒక్కో బండికి 18 సెకన్లు మిగిల్చి, నిమిషంన్నరలో పంపగలిగితే? నిలబడే సమయం నాలుగున్నర నిమిషాలకు పడిపోతుంది. లైనులో రెండు బండ్లే కనిపిస్తాయి. 18 సెకన్లంటే చిల్లర వెతికే సమయం. ఆ యజమానికి కావలసింది కొత్త పంపు కాకపోవచ్చు, చిల్లర నోట్ల సంచీతో నిలబడే ఇంకో కుర్రాడు కావచ్చు.

ఈ గణితానికి పునాది వేసినవాడు డెన్మార్క్ ఇంజనీరు ఎర్లాంగ్. కోపెన్‌హేగన్ టెలిఫోను కంపెనీలో పనిచేస్తూ, టెలిఫోను కాల్స్‌కూ సంభావ్యతకూ ఉన్న సంబంధం మీద 1909లో మొదటి వ్యాసం రాశాడు. సూత్రాలు చక్కగా ఉంటాయి, కానీ సూత్రానికి లొంగే బంకు వేరు, రోడ్డు మీద ఉన్న బంకు వేరు. ఇక్కడ మూడు పంపులుంటాయి, ఒకటి డీజిలుకే. సాయంత్రం రద్దీ వేరు, మధ్యాహ్నం రద్దీ వేరు. కొందరు లైను చూసి బండి తిప్పుకుని పోతారు. ట్యాంకరు వచ్చి దించుతున్నంతసేపు అమ్మకం ఆగుతుంది. ఇవన్నీ కలిస్తే సూత్రం చేతులెత్తేస్తుంది. అప్పుడు చేయవలసింది బంకును కంప్యూటరులో నడిపించడం.

ఎలా నడిపిస్తారో చేత్తోనే చేసి చూద్దాం. కాగితం, పెన్సిలు దగ్గరుంటే రాసుకోండి. ఒకటే పంపు. మొదటి బండి 10 గంటలకు వచ్చింది, దానికి 2 నిమిషాల పని. రెండోది 10 గంటల 1 నిమిషానికి, 3 నిమిషాల పని. మూడోది 10.02కి, 1 నిమిషం. నాలుగోది 10.06కి, 2 నిమిషాలు. ఐదోది 10.07కి, 2 నిమిషాలు. ఇప్పుడు నడిపిద్దాం. మొదటిది 10.02కి వెళ్లిపోయింది. అప్పటికి ఒక నిమిషం నిలబడ్డ రెండోది పంపు దగ్గరకు చేరి 10.05కి బయటపడింది. మూడోదానికి ఉన్నది ఒక్క నిమిషం పని, దానికోసం 3 నిమిషాలు నిలబడి 10.06కి వెళ్లింది. నాలుగోది అదృష్టవంతురాలు, వచ్చేసరికి పంపు ఖాళీ. ఐదోది ఒక నిమిషం ఆగి, 10.10కి పోయింది. ఐదు బండ్లూ కలిసి నిలబడ్డది 5 నిమిషాలు. అంతే, మీరు సిమ్యులేషన్ చేసేశారు. ఇందులో గడియారం సెకను సెకనూ కదల్లేదు. ఒక సంఘటన నుంచి ఇంకో సంఘటనకు దూకింది. బండి వచ్చింది, బండి పోయింది. మధ్యలో ఏమీ జరగని సమయంతో మనకు పని లేదు. దీన్ని డిస్క్రీట్ ఈవెంట్ పద్ధతి అంటారు. కంప్యూటరు ఇదే పనిని పదివేల బండ్లతో, వందసార్లు, ప్రతిసారీ రాకలు మార్చి మార్చి చేస్తుంది. వందసార్లు ఎందుకంటే, ఒక్కసారి నడిపితే వచ్చేది ఒక్క రోజు కథే. ఆ రోజు మంచిరోజో చెడ్డరోజో మనకు తెలియదు.

ఈ పద్ధతి పుట్టింది ఉక్కు ఫ్యాక్టరీలో. ఇంగ్లండులోని షెఫీల్డులో యునైటెడ్ స్టీల్ కంపెనీలో పనిచేసిన టోకర్ అనే ఆయన, ఉక్కు కర్మాగారం ఎలా నడుస్తుందో కంప్యూటరులో నడిపించడానికి 1950ల చివర ఒక సాధారణ ప్రోగ్రాము తయారుచేశాడు. 1961లో ఐబీఎంలో జెఫ్రీ గోర్డన్ జీపీఎస్ఎస్ అనే భాష తెచ్చాడు. నార్వేలో డాల్, నిగార్డ్ అనే ఇద్దరు సిమ్యులేషన్ కోసమే సిమ్యులా అనే భాష కట్టారు. 1967లో వచ్చిన దాని రూపంలోనే క్లాసు, ఆబ్జెక్టు అనే భావాలు మొదలయ్యాయి. ఇవాళ జావా పరీక్షలో ఆ ప్రశ్నలకు తల పట్టుకునే పిల్లలు తిట్టుకోవలసింది ఎవర్నో ఇప్పుడు తెలిసింది కదా! ఆ ఇద్దరికీ 2001 ట్యూరింగ్ అవార్డు వచ్చింది.

మన దగ్గర విశాఖ ఉక్కులో గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని మూడు బ్లాస్ట్ ఫర్నేసులున్నాయి. వాటి నుంచి దిగిన కరిగిన ఇనుము చల్లారేలోపు ఉక్కు చేసే షాపుకు చేరాలి. ఆ ఇనుము మోసే లాడిల్ బండ్లు ఎన్ని ఉంటే ఫర్నేసూ ఆగదు, షాపూ ఆగదు? టోకర్ కాలం నుంచీ ఉక్కువాళ్లు అడుగుతున్న ప్రశ్న ఇలాంటిదే. తిరుమల వైకుంఠం క్యూ కాంప్లెక్సులో ఏ కంపార్టుమెంటును ఎప్పుడు వదలాలన్నదీ ఈ జాతి ప్రశ్నే.

యానాంలో ఇలాంటి ప్రశ్న వేయదగ్గ ఫ్యాక్టరీ అంటే టైల్సు ఫ్యాక్టరీ. 1980ల్లో ఇక్కడ మొదలైన రీజెన్సీ సెరామిక్స్ ఎన్నో ఇళ్లకు కూడు పెట్టింది. టైలు తయారీ బయటివాళ్లకు తెలియదు కాబట్టి రెండు మాటలు చెబుతాను. బంకమట్టి, ఫెల్డ్‌స్పార్ రాయి, ఇసుక వంటివి నీళ్లు పోసి బాల్‌మిల్లులో గంటల తరబడి నూరతారు. ఆ చిక్కటి ద్రవాన్ని స్ప్రే డ్రయ్యరులో వేడిగాలిలోకి చిమ్మితే, కొద్దిపాటి తేమ మిగిలిన సన్నరవ్వలా రాలుతుంది. ఆ రవ్వ సైలోల్లో నిలవుండి, ప్రెస్సు కింద పడి పచ్చి టైలు అవుతుంది. ఆరబెట్టి, గ్లేజు పూసి, రోలర్ల మీద బట్టీలోకి పంపుతారు. బట్టీ అంటే ఇటుకల బట్టీలా గుట్ట కాదు, పొడుగాటి సొరంగం. లోపల వెయ్యి డిగ్రీలు దాటిన వేడి. ఈ చివర ఎక్కిన పచ్చి టైలు సుమారు గంటలో ఆ చివర కాలి దిగుతుంది.

ఈ మొత్తంలో ఆగకూడనిది బట్టీ. ప్రెస్సు అచ్చు అరిగితే మార్చుకోవచ్చు, గ్లేజు లైను ఆపి కడుక్కోవచ్చు. కానీ ఆ సమయంలో బట్టీకి టైళ్లు అందకపోతే ఖాళీ రోలర్లను వేడిచేస్తూ గ్యాసు తగలబడిపోతుంది. చల్లార్చి మళ్లీ వేడెక్కించడం రోజుల పని. అందుకని బట్టీకి ముందు కొన్ని పచ్చి టైళ్లు ట్రాలీల్లో నిలవ పెట్టుకుంటారు. ఎంత నిలవ? ఇరవై నిమిషాలకు సరిపడానా, రెండు గంటలకా? తక్కువైతే బట్టీ ఆకలితో నడుస్తుంది, ఎక్కువైతే జాగా తినేస్తుంది, ఎత్తి దించడంలో అంచులు విరుగుతాయి. ప్రెస్సు ఎన్ని గంటలకోసారి ఆగుతుందో, ఆగితే ఎంతసేపో షిఫ్టు పుస్తకంలో రాసి ఉంటుంది కాబట్టి, డిస్క్రీట్ ఈవెంట్ పద్ధతి ఈ ప్రశ్నకు దాదాపు కచ్చితమైన జవాబు చెబుతుంది. ఈ పనిలో దాన్ని మించిన పద్ధతి లేదని నా అభిప్రాయం.

అయితే ఇలాంటి ఫ్యాక్టరీల్లోనే ఇంకో ప్రశ్న ఉంది. కొన్ని నెలలు గోడౌను నిండి టైల్సు వరండాలోకి వస్తాయి, ఓవర్‌టైము రద్దవుతుంది, కాంట్రాక్టు కూలీలను రావద్దంటారు. ఇంకొన్ని నెలలు సరుకు చాలక డీలర్లు ఫోన్ల మీద ఫోన్లు. జనం ఇళ్లు కట్టుకోవడం అంతలా పెరగడమూ లేదు, తగ్గడమూ లేదు. మరి ఈ ఊగిసలాట ఎక్కడిది?

సరిగ్గా ఇదే ప్రశ్న 1950ల్లో జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీవాళ్లు ఎంఐటీలో జే ఫారెస్టర్‌ను అడిగారు. ఆయన నెబ్రాస్కాలో పశువుల పొలంలో పెరిగినవాడు. వర్ల్‌విండ్ అనే తొలితరం కంప్యూటరు కట్టి, దానికి అయస్కాంతపు మెమరీ అమర్చినవాడు. 1956లో కంప్యూటర్లు వదిలేసి మేనేజిమెంటు బడిలో చేరాడు. కెంటకీ రాష్ట్రంలోని తమ ఫ్యాక్టరీల్లో ఒకప్పుడు మూడు నాలుగు షిఫ్టులు నడుస్తాయని, కొన్నేళ్లు తిరిగేసరికి సగంమందిని తీసేయాల్సి వస్తోందని, వ్యాపారంలో ఎగుడుదిగుళ్లే కారణమంటే నమ్మబుద్ధి కావడం లేదని కంపెనీవాళ్లు చెప్పారు. ఫారెస్టర్ నోటుబుక్కులో గడులు గీసి, పెన్సిలుతో వారం వారం లెక్క కట్టాడు. ఆర్డర్లు స్థిరంగా ఉన్నా, ఫ్యాక్టరీలోని నిర్ణయాలే ఆ ఊగిసలాటను పుట్టించగలవని తేలింది. 1961లో వచ్చిన ‘ఇండస్ట్రియల్ డైనమిక్స్’ పుస్తకం ఆ పెన్సిలు లెక్క కొనసాగింపే. ఆ పద్ధతికి తర్వాత సిస్టమ్ డైనమిక్స్ అని పేరు స్థిరపడింది.

మనమూ పెన్సిలు పట్టుకుందాం. కాకినాడలో ఒక టైల్సు డీలరు. వారానికి 100 పెట్టెలు అమ్ముతాడు. మూడు వారాల అమ్మకానికి సరిపడా, అంటే 300 పెట్టెలు ఎప్పుడూ నిలవ ఉంచుకుంటాడు. తెలివైన పద్ధతే. ఒక వారం అమ్మకం 110 అయింది, ఇక అక్కడే స్థిరపడింది. వచ్చింది 100, పోయింది 110, నిలవ 290. కొత్త అమ్మకానికి మూడు వారాల నిలవ అంటే 330 ఉండాలి, 40 తక్కువ. కాబట్టి వచ్చే వారానికి 110, ఆ 40 కలిపి 150 పెట్టెలకు ఆర్డరు పెట్టాడు. అమ్మకం పెరిగింది నూటికి పది, ఆర్డరు పెరిగింది నూటికి యాభై.

ఫ్యాక్టరీకి కాకినాడ వీధి కనిపించదు, కనిపించేది 150 అన్న అంకె. ఫ్యాక్టరీ కూడా మూడు వారాల నిలవ సూత్రమే పాటిస్తోందనుకోండి. దాని దగ్గర 300 ఉన్నాయి, ఆ వారం కాల్చినవి 100 చేరాయి, 150 పంపింది, మిగిలినవి 250. వారానికి 150 చొప్పున మూడు వారాలకు 450 కావాలి. లోటు 200. పై వారం కాల్చవలసింది 150, 200 కలిపి 350 పెట్టెలు! మూడో షిఫ్టు పెట్టారు, కూలీలను పిలిచారు. ఈలోపు డీలరు నిలవ 330కి చేరింది, ఆయన మామూలుగా 110కే ఆర్డరు పెట్టాడు. ఫ్యాక్టరీలో 250కి 350 కలిసి, 110 పోయి, 490 మిగిలాయి. ఉండవలసింది 330. మిగులు 160 ఉంటే పంపవలసింది 110. అంటే పై వారం ఒక్క పెట్టె కూడా కాల్చనక్కర్లేదు.

100 ఉండే ఉత్పత్తి 350కి ఎగిరి సున్నాకు పడింది. దేనివల్ల? వీధిలో అమ్మకం 100 నుంచి 110 అయి, అక్కడే ఉన్నందువల్ల. ఎవరూ తప్పు చేయలేదు, ఎవరూ మోసం చేయలేదు. అందరూ పుస్తకంలో ఉన్నట్టే నడుచుకున్నారు. బట్టీని ఆపలేమని ఇందాకే చెప్పుకున్నాం కదా, అలాంటి ఫ్యాక్టరీకి వచ్చిన ఆదేశం ఇది. నిజంలో ఇంత ఘోరంగా ఉండదు, ప్రొడక్షన్ మేనేజరు బుర్ర ఉపయోగించి 350ని 200కి తగ్గిస్తాడు. కానీ ఊగిసలాట గుణం అదే. పనిలోంచి తీసేసిన కూలీకి ‘మార్కెట్టు బాగాలేదు’ అని చెబుతారు. ఈ లెక్క చూశాక, ఆ మాట అన్నిసార్లూ నిజం కాదని చెప్పవచ్చు. డీలరు రోజువారీ అమ్మకం అంకెలు ఫ్యాక్టరీకి నేరుగా తెలిసేలా చేస్తే, లోటును ఒకే వారంలో కాకుండా నాలుగు వారాల్లో పూడిస్తే, ఈ ఊగుడు చాలా భాగం తగ్గిపోతుంది.

ఇక్కడ ఒక్కో టైలునూ, ఒక్కో బండినీ ఎవరూ లెక్కపెట్టలేదు చూడండి. నిలవలు, ప్రవాహాలు, వాటి మధ్య ఆలస్యాలు. అంతే. బంకులో ఎన్ని పంపులుండాలని ఈ పద్ధతిని అడిగితే నోరెళ్లబెడుతుంది. ఆర్డర్లు ఎందుకు ఊగుతున్నాయని డిస్క్రీట్ ఈవెంటును అడిగినా జవాబు రాబట్టవచ్చు గానీ, వెయ్యి వివరాల మధ్య అసలు కారణం కంటికి ఆనదు. సిస్టమ్ డైనమిక్స్‌కు ఉన్న జబ్బు వేరే. ‘కార్మికుల ఉత్సాహం 0.7’ అని ఒక గడిలో రాసేస్తారు. ఆ 0.7 ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే గది నిశ్శబ్దం. మొత్తం ప్రపంచానికే ఇలాంటి గడులు గీసి 1972లో ‘లిమిట్స్ టు గ్రోత్’ పుస్తకం తెచ్చినప్పుడు ఆర్థికవేత్తలు దాడిచేసింది ఇలాంటి అంకెల మీదే. నాకు ఆ పద్ధతి మీద గౌరవం ఉంది, కానీ అది చెప్పే దిశను నమ్ముతాను, అది చెప్పే అంకెను నమ్మను.

ఇక మూడో పద్ధతి. 2024 జనవరి 2న హైదరాబాదులో ఏం జరిగిందో గుర్తుందా? కొత్త చట్టంలోని హిట్ అండ్ రన్ సెక్షను మీద లారీ డ్రైవర్లు ఆందోళనకు దిగారు, ట్యాంకర్లు రావన్న మాట ఊరంతా పాకింది. బంకుల ముందు చాంతాడంత లైన్లు. ఒక డెలివరీ కుర్రాడు బండి పక్కనపెట్టి గుర్రమెక్కి పార్సిలు అందించిన వీడియో దేశమంతా చూసింది. ఆ రాత్రికే ఢిల్లీలో చర్చలు జరిగి ఆందోళన ఆగింది. అంటే ఊరి నిండా కొరత కనిపించింది ఒక్క పూట.

దీన్నీ కాస్త లెక్కవేద్దాం. మామూలుగా ప్రతివాడూ ట్యాంకు పావువంతుకు దిగాక ఫుల్ చేయిస్తాడని, అది ఆరు రోజులకోసారి జరుగుతుందని అనుకుందాం. రోజూ ఆరో వంతు బండ్లు బంకుకు వస్తాయి. పుకారు వచ్చిన రోజు అందరూ ఒకేసారి వస్తారు. సగటున ఒక్కో ట్యాంకులో ఉన్న ఖాళీ ఎనిమిదింట మూడు వంతులే. పెట్రోలు అవసరం మామూలు రోజుకు మూడింతలు. కానీ వచ్చే బండ్లు ఆరింతలు! మొదట ఎండిపోయేది బంకు ట్యాంకే కావాలని లేదు, లైనే ముందు విరుచుకుపడుతుంది. ఆ లైను చూసినవాడు ఇంకో నలుగురికి ఫోను చేస్తాడు. అలా పుకారు తనను తానే నిజం చేసుకుంటుంది.

ఇలాంటి చోట మనిషిని మనిషిగా రాసుకోవాలి. ఒక్కొక్కరికీ ఒక చిన్న నియమం ఇచ్చి, వేలమందిని కంప్యూటరులో వదిలి, కలిసి ఏం చేస్తారో చూడాలి. ఇది ఏజెంట్ బేస్డ్ పద్ధతి. 1971లో థామస్ షెల్లింగ్ గడుల బల్ల మీద కాసులు జరుపుతూ దీన్ని మొదలుపెట్టాడంటే తప్పులేదు. పక్కింటివాళ్లలో కొద్దిమందయినా తమలాంటివాళ్లుంటే చాలుననుకునే సామాన్యులే, ఊరిని రెండు ముక్కలుగా విడదీసేస్తారని ఆయన చూపించాడు.

యానాంకు ఈ పద్ధతితో తప్పక వేయదగ్గ ప్రశ్న ఒకటుంది. ఆంధ్రా పన్ను తగ్గితే ఇక్కడి బంకులు ఏమవుతాయి? లీటరు 100 రూపాయలు, తేడా 10 రూపాయలనుకుందాం. లీటరుకు 50 కిలోమీటర్లు వచ్చే మోటారుసైకిలు మీద వచ్చి 8 లీటర్లు పోయించుకుంటే 80 రూపాయలు మిగులు. 20 కిలోమీటర్ల దూరం నుంచి రాను పోను 40 కిలోమీటర్లు, అంటే 80 రూపాయల పెట్రోలు ఖర్చు. లాభం సున్నా. కాబట్టి పెట్రోలు కోసమే వచ్చేవాడి హద్దు 20 కిలోమీటర్లు. తేడా 5 రూపాయలకు తగ్గితే హద్దు 10 కిలోమీటర్లవుతుంది. దూరం సగమైతే చుట్టూ ఉన్న విస్తీర్ణం పావువంతవుతుంది. బంకు యజమాని సగం బేరం పోతుందనుకుంటాడు, పోయేది ముప్పావు వంతు. కూరగాయలకో, చుట్టాలింటికో వచ్చినవాళ్లు ఎలాగూ పోయించుకుంటారు కాబట్టి నష్టం కాస్త తగ్గుతుంది. ఆ రెండు రకాల మనుషులు ఎంతెంతమందో తెలియకుండా కంప్యూటరు ముందు కూర్చోవడం వృథా. ఏజెంట్ బేస్డ్ పద్ధతి ఖరీదు అదే. మనుషుల్ని అడగాలి, తిరగాలి. అది చేయకుండా నియమాలు సొంతంగా అల్లుకుని, తెరమీద రంగు చుక్కలు పరుగెత్తుతుంటే చూసి మురిసిపోయే ప్రాజెక్టు రిపోర్టులు ఇప్పుడు కాలేజీల్లో ఎక్కువయ్యాయి.

మనుషుల మాట వచ్చింది కాబట్టి ఒక చేదు సంగతి దాటవేయలేను. ఇందాక చెప్పిన టైల్సు ఫ్యాక్టరీలో 2012 జనవరిలో కార్మిక వివాదం ముదిరి, రెండు పక్కలా ప్రాణాలు పోయాయి, ఫ్యాక్టరీ కాలిపోయింది, ఏళ్ల తరబడి మూతపడింది. దాన్ని ఏ సిమ్యులేషన్ అయినా ముందే చెప్పేదా అంటే, చెప్పేది కాదు. ట్రాలీల లెక్కలో ఆ గడి లేదు. నిలవల లెక్కలో లేదు. మనుషుల్ని ఒక్కొక్కరిగా రాసుకున్న లెక్కలోనైనా, వాళ్ల మనసులో ఏముందో వెళ్లి అడిగినవాడుంటేనే ఆ గడి ఉండేది. చెప్పేదని అనేవాళ్లు సాఫ్ట్‌వేరు అమ్ముకునేవాళ్లు.

ఇక నాలుగో పద్ధతి మాంటీ కార్లో. దాని సంగతి క్లుప్తంగా చెబుతాను, అది అన్నిటికంటే పాతదీ, తేలికదీ. 1946లో జబ్బుపడి కోలుకుంటున్న స్టానిస్లా ఉలామ్ ఒంటరిగా పేకాడుతూ, గెలిచే అవకాశం లెక్కగట్టడం కంటే వందసార్లు ఆడి చూడటం సులువనుకున్నాడు. ఆ ఊహే అణుపరిశోధనలో అక్కరకొచ్చింది. దీనిలో కాలం నడవదు, క్యూలు కట్టవు. తెలియని అంకెల బదులు పాచికలు వేసి, ఫలితం ఎంత మేర అటూ ఇటూ కాగలదో చూస్తుంది. గోదావరి ఒడ్డున గోడౌను కట్టేవాడికి ఇది చాలు. ధవళేశ్వరం దగ్గర మూడో ప్రమాద హెచ్చరిక 17.75 అడుగులకు. 2022 జులైలో 25 లక్షల క్యూసెక్కులు దాటి వచ్చిన వరద యానాం వీధుల్లో నిలిచింది. 1986 ఆగస్టులో వచ్చింది దాదాపు 35 లక్షలు. అరుగు ఎంత ఎత్తు వేయాలి, బీమా ఎంత కట్టాలి అన్నది ఎక్సెల్ షీటులో పదివేల ఏళ్లు పాచికలు వేసి చూసుకోవచ్చు. ఒక్కటే జాగ్రత్త. ‘పాత అంకెలు ఎందుకులే’ అని 1986ను వదిలేసినవాడి అరుగు, ఎవరికీ తెలియకుండానే పొట్టిదైపోతుంది.

ఇప్పుడు నాలుగింటినీ పక్కపక్కన పెట్టి ఏది గొప్పదని అడుగుతారు విద్యార్థులు. నేనైతే ప్రశ్న రాసి తెమ్మంటాను. ప్రశ్నలో లైను, యంత్రం, షిఫ్టు, ట్రాలీ అన్న మాటలుంటే డిస్క్రీట్ ఈవెంట్. ఏడాది పొడుగునా పెరుగుతూ తరుగుతూ ఉండేదేదో మిమ్మల్ని వేధిస్తుంటే సిస్టమ్ డైనమిక్స్. ‘జనం ఏం చేస్తారు’ అన్నది అసలు సందేహమైతే ఏజెంట్లు. తెలియని అంకె ఎంత అటూ ఇటూ కాగలదన్నదే సందేహమైతే మాంటీ కార్లో. మొదటి మూడింటినీ ఒకేచోట కలిపే ఎనీలాజిక్ లాంటి సాఫ్ట్‌వేర్లు ఇరవై ఏళ్లకు పైగా ఉన్నాయి. కలపడం తప్పు కాదు. కానీ మూడూ కలిపిన మోడలు ఎక్కడ తప్పిందో పట్టుకోవడం ఎన్నో రెట్లు కష్టం. మొదటి మోడలుకే అలాంటిది ఎత్తుకున్న జట్లు గడువుకు బొమ్మలు చూపించి బయటపడతాయి.

ఏ పద్ధతికైనా ఒక పరీక్ష ఉంది. నిన్న జరిగిందాన్ని ఆ మోడలు మళ్లీ జరిపించగలదా? పోయిన నెల అంకెలు ఇచ్చి, పోయిన నెల లైను పొడవు చెప్పించండి. చెప్పలేకపోతే వచ్చే నెల సంగతి అడగవద్దు. ఇది చేయకుండానే లక్షల రూపాయల నిర్ణయాలు తీసుకోవడం నేను ఎరుగుదును. రెండో పరీక్ష ఇంకా తేలిక. ఆ పనిచేసే మనిషికి చూపించండి. ‘రాత్రి షిఫ్టులో ప్రెస్సు ఇంత వేగంగా నడవదండీ’ అని బట్టీ ఆపరేటరు ఒక్క మాట అంటే, అది వంద పేజీల రిపోర్టుకు సమానం.

ఇంజనీరింగు, ఎంబీఏ, డిగ్రీ చదువుతున్న పిల్లలకు ఒక మాట. దీనికి ఖరీదైన సాఫ్ట్‌వేరు కావాలన్నది సాకు. పైథాన్‌లో సిమ్‌పై ఉచితం. నెట్‌లోగో ఉచితం. వెన్సిమ్‌లో చదువుకునేవాళ్లకిచ్చే రూపం ఉచితం. ఉచితం కానిది అంకెలు తెచ్చుకోవడం. మీ ఊరి ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీల కౌంటరు ఉంటుంది. సూపరింటెండెంటు గారిని అడిగి, అనుమతి తీసుకుని, ఒక సోమవారం పొద్దున వెళ్లండి. ఎవరు ఎన్నింటికి వచ్చారు, ఎన్నింటికి చీటీ అందుకున్నారు, డాక్టరు గది ముందు ఎంతసేపు కూర్చున్నారు, ఈ మూడు రాసుకోండి. పేర్లు వద్దు, సమయాలు చాలు. ఇంటికొచ్చి మోడలు కట్టండి. కౌంటరు ఇంకోటి తెరిస్తే ఎంత, డాక్టరు అరగంట ముందొస్తే ఎంత, రెండూ నడిపించి చూడండి. ఫలితాన్ని ఒకే ఒక్క పేజీలో, తెలుగులో రాసి, కాలేజీలో సమర్పించే ముందు ఆ సూపరింటెండెంటు గారి చేతికివ్వండి.